ఊళ్లో ఎయిర్‌పోర్టు ఉంది, ఎక్కడానికి విమానమే లేదు: కడప, ఓర్వకల్లు, రాజమండ్రి టికెట్ల సంగతి

పెన్నాగట్టు (కడప) · ఆదివారం ఉదయం 7:40

అందరికీ నమస్కారం. వేసవి షెడ్యూలు మార్చి ఆఖరి ఆదివారం మొదలవుతుంది. అది ఖరారైందంటే మళ్లీ అక్టోబరు ఆఖరు దాకా మార్పించడం కష్టం. అందుకే ఇప్పుడే ఈ చర్చ పెడుతున్నా.

మా కడప ఎయిర్‌పోర్టు 2015 జూన్ 7న తెరిచారు. బెంగళూరుకు ఎయిర్ పెగాసస్ నడిచింది. ఏడాది దాటేసరికి ఆ కంపెనీయే ఆగిపోయింది. తర్వాత చిన్న ఊళ్లకు విమానాలు నడిపే కంపెనీలకు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం ఉడాన్ వచ్చింది. 2017 ఏప్రిల్ 27న ప్రధాని సిమ్లాలో ఆ పథకం విమానాలు ప్రారంభించిన రోజున సిమ్లా–ఢిల్లీ, నాందేడ్–హైదరాబాద్‌తో పాటు మొదలైంది మా కడప–హైదరాబాదే. దేశం మొత్తంలో మొదటి మూడు రూట్లలో మాదొకటి. ట్రూజెట్ తిప్పింది. 2022 ఫిబ్రవరిలో ట్రూజెట్ కూడా మూతపడింది. ఆ తర్వాత మరో కంపెనీ, మరో షెడ్యూలు.

ఎయిర్‌పోర్టు ఉండి పదేళ్లు దాటినా, ఫలానా రోజు ఫలానా టైముకు విమానం ఉంటుందని నమ్మి పెళ్లి ముహూర్తం పెట్టుకోలేం, ఆసుపత్రిలో తేదీ తీసుకోలేం. వారం ముందు టికెట్ చూస్తే గంట ప్రయాణానికి అడిగే డబ్బుతో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయి రావచ్చనిపిస్తుంది. రోజులు మారుతుంటాయి, టైములు మారుతుంటాయి.

నా ప్రశ్నలు రెండు. చిన్న ఎయిర్‌పోర్టుల్లో రేట్లు ఎందుకింత? మనం అడగాల్సింది ఏమిటి, ఎవర్ని? తెలిసినవాళ్లు దయచేసి రాయండి.

---

గోదారిగట్టు (రాజమండ్రి) · ఆదివారం ఉదయం 8:25

పెన్నాగట్టు గారూ, మీదే కాదండీ, మాదీ ఇంచుమించు అదే కథ. మా మధురపూడి ఎయిర్‌పోర్టు రన్‌వే 3,165 మీటర్లకు పెంచారు. పెద్ద విమానాలు దిగుతున్నాయి. 2024 డిసెంబరులో ముంబైకి, ఢిల్లీకి నేరుగా సర్వీసులు వచ్చాయి. మా జిల్లాల వాళ్లందరికీ అది చాలా సంతోషమైన విషయం, ఆ మాట దాచక్కర్లేదు.

అయితే ఒకప్పుడు ఇక్కడ జెట్ ఎయిర్‌వేస్ ఉండేది, స్పైస్‌జెట్ ఉండేది, ట్రూజెట్ ఉండేది. హైదరాబాద్ టికెట్ ఒకళ్లు తగ్గిస్తే ఇంకొకళ్లు తగ్గించేవారు. జెట్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది, తర్వాత మిగతావాళ్లూ వెళ్లిపోయారు. సంక్రాంతికి హైదరాబాద్ నుంచి ఇంటికి రావాలంటే రైలు రిజర్వేషన్ తెరిచిన నిమిషాల్లో అయిపోతుంది, ప్రైవేటు బస్సువాళ్లు ఇష్టమొచ్చినట్టు పెంచుతారు, విమానం సంగతి చెప్పనే అక్కర్లేదు. భోగికి ముందు రెండు రోజులు, కనుమ తర్వాత రెండు రోజులు ఆ రేట్లు చూస్తే కడుపు మండిపోద్దండీ.

---

రెక్కచాటు · ఆదివారం ఉదయం 10:50

నేను చాలాకాలం ఒక ఎయిర్‌లైన్‌లో షెడ్యూలింగ్ విభాగంలో పనిచేశాను. కంపెనీ పేరు వద్దు. ఈ ప్రశ్న ఎప్పుడూ ఉద్వేగంతోనే అడుగుతారు గానీ దాని లోపలి లెక్క ఎవరూ చెప్పరు. కొంచెం పొడుగైనా చెబుతాను.

కడప, ఓర్వకల్లు (కర్నూలు) రెండింటి రన్‌వేలూ 2,000 మీటర్ల స్థాయివి. అక్కడికి సరిపోయేది ఏటీఆర్ 72 అనే చిన్న ప్రొపెల్లర్ విమానం. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లు. ఆ సంఖ్య ఊరికే రాలేదు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిబంధన ప్రకారం 80 సీట్ల కన్నా తక్కువున్న దేశీయ షెడ్యూల్డ్ విమానాలకు ల్యాండింగ్ ఛార్జీ లేదు. ఇంధనం పన్నూ కారణం కాదు. విమాన ఇంధనం మీద ఆంధ్రప్రదేశ్ వ్యాట్‌ను ఎప్పుడో 1 శాతానికి తగ్గించేసింది. కాబట్టి "పన్నులు ఎక్కువ, ఛార్జీలు ఎక్కువ, అందుకే టికెట్ ఎక్కువ" అనే మాట మన చిన్న ఎయిర్‌పోర్టులకు పెద్దగా వర్తించదు.

అసలు ఖర్చు వేరే చోట ఉంది. విమానం అద్దె, పైలట్ల జీతం, ఇంజినీర్లు, మెయింటెనెన్స్ 78 సీట్లకైనా తప్పవు, 186 సీట్లకైనా తప్పవు. పెద్ద విమానంలో అది ఎక్కువ మంది మీద పంచుకుంటుంది. పైగా దూరం చిన్నదైతే గాల్లో ఉండే సమయం తక్కువ, నేల మీద గడిపే సమయం ఎక్కువ. విమానం నేల మీదున్నంతసేపూ కంపెనీకి ఖర్చే.

ఇక రేటు. ఒకే విమానంలో సీట్లను రకరకాల ధరల బకెట్లుగా విడగొడతారు. చవక బకెట్లో ఉండేవి కొన్నే. 78 సీట్లలో ఆ కొన్ని ఎంత త్వరగా అయిపోతాయో ఆలోచించండి. హైదరాబాద్–ఢిల్లీ మధ్య రోజంతా విమానాలుంటాయి కాబట్టి ఒకరి ధర పెరిగితే పక్కవాడి టికెట్ కొంటారు. కడపలో పక్కవాడు లేడు. రేటు పెరగడానికి నా అనుభవంలో మొదటి కారణం ఇదే, మిగతావన్నీ దీని తర్వాతే.

సమయాల గురించి కూడా చెప్పాలి. ఒక ఏటీఆర్ పొద్దున బయల్దేరి రాత్రిలోపు ఐదారు ఊళ్లు తిరుగుతుంది. పొద్దున ఎక్కడో పొగమంచుకు ఆగితే ఆ ఆలస్యం ఊరూరా పేరుకుంటూ పోతుంది. చిన్న ఎయిర్‌పోర్టులో కంట్రోల్ టవర్, ఫైర్ సిబ్బంది ఉండే గంటలు పరిమితం. ఆ గంటలు దాటిపోతాయనుకుంటే కంపెనీ ముందుగా రద్దు చేసేది ఆ చిన్న ఊరి ట్రిప్పునే. చెన్నైదో బెంగళూరుదో రద్దు చేస్తే నష్టం ఎక్కువ కాబట్టి.

---

లెక్కలపంతులు (అనంతపురం) · ఆదివారం మధ్యాహ్నం 12:15

రెక్కచాటు గారు చెప్పింది బాగుంది. కానీ నాకు ఈ డిమాండే సరైనదిగా అనిపించదు. ప్రభుత్వ ఖర్చుల లెక్క తనిఖీ చేసే కాగ్ 2023లో ఉడాన్ మీద ఇచ్చిన నివేదిక చదవండి. మూడో విడత దాకా 774 రూట్లు కేటాయించారు. అందులో మొదలైనవి 371. సబ్సిడీ ఇచ్చే మూడేళ్ల గడువు పూర్తి చేసినవి 112. ఆ తర్వాత కూడా 2023 మార్చి నాటికి నిలబడినవి 54. నూటికి ఏడు!

ఇంత ప్రజాధనం పోసి నూటికి ఏడు నిలబడితే, ఆ డబ్బు రైళ్లకు పెట్టాలనడం తప్పా? కడప–బెంగళూరు కొత్త రైల్వే లైను పెండ్లిమర్రి దాకా వచ్చి ఆగిపోయింది. అది పూర్తయితే రోజుకు ఎన్ని వేల మంది పోతారు? విమానం ఎక్కేది ఎంతమంది? రాయలసీమలో ఇప్పటికీ రాత్రంతా జనరల్ బోగీలో నిలబడి పోయేవాళ్లున్నారు. ముందు వాళ్ల సంగతి చూడాలి అనేది నా గట్టి అభిప్రాయం.

---

కువైట్ నుంచి రాజంపేటోడు · ఆదివారం మధ్యాహ్నం 1:05

పంతులు గారూ, నమస్తే సార్. ఒక మాట. విమానం ఎక్కేది డబ్బున్నోళ్లే అనుకోవద్దండి. రాజంపేట, రాయచోటి, కడప నుంచి కువైట్‌కు వచ్చేవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. డ్రైవర్లు, వంటవాళ్లు, ఇళ్లల్లో పని చేసే ఆడోళ్లు. మేము ఎక్కక తప్పదు.

మాకు ఊరికి పోవల్లంటే చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో దిగల్ల. ఆడినుంచి కారు మాట్లాడుకోని ఇంటికి. ఇద్దరు ముగ్గురు కలిస్తే సరే, ఒక్కడే వస్తే కారు బాడిగే నడుం విరుస్తది. తిరుపతికి అంతర్జాతీయ ఎయిర్‌పోర్టు అని హోదా ఇచ్చినారు గానీ కువైట్ నుంచి నేరుగా విమానం లేదు.

కడపకు పోయే చిన్న విమానం ఎక్కొచ్చు కదా అంటారు. దాంట్లో ఇంకో చిక్కు. కువైట్ టికెట్ వేరే, కడప టికెట్ వేరే తీసుకుంటే లగేజీ లెక్కలు రెండు. అంతర్జాతీయ విమానంలో 30 కిలోలు తెచ్చుకుంటాం. దేశంలో తిరిగే విమానంలో మామూలుగా ఒప్పుకునేది 15 కిలోలు. మిగిలిన దానికి కిలో లెక్కన కట్టల్ల. రెండేండ్ల తర్వాత ఇంటికి పోతాంటే పిల్లోళ్లకు తెచ్చిన సామాను ఆడ కౌంటర్ దగ్గర ఇప్పి పారేసినోళ్లను చూసినా. ఇంకోటి, గల్ఫ్ విమానం ఆలస్యమై కడప విమానం తప్పిపోతే ఆ టికెట్ డబ్బులు పోయినట్టే. రెండు వేర్వేరు టికెట్లు గదా, ఎవురూ బాధ్యత తీసుకోరు.

అందుకే నేను అడిగేది రేటు ఒక్కటే కాదు. ఒకే టికెట్ మీద కువైట్ టు కడప ఇయ్యండి. చెన్నైలోనో హైదరాబాద్‌లోనో మార్చుకుంటాం. సామాను ఒక్కసారి వేస్తే కస్టమ్స్ అయినాక మళ్లీ తూకం ఉండకూడదు. ఇదే మా అందరి కోరిక.

---

కొండారెడ్డి బురుజు (కర్నూలు) · ఆదివారం సాయంత్రం 4:30

మా ఓర్వకల్లు సంగతి వేరు. 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖలకు విమానాలు మొదలైనాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టినారు, మాకు గర్వంగా ఉండింది. కానీ నిజం చెప్పాలంటే కర్నూలు వాళ్లకు హైదరాబాద్ విమానం అవసరమే లేదు. నలభై నాలుగో నంబరు జాతీయ రహదారి మీద మూడు గంటల్లో శంషాబాద్ గేటు ముందుంటాం. బెంగళూరు ఎయిర్‌పోర్టు కూడా అదే రోడ్డు మీద దేవనహళ్లిలో ఉంది. కాబట్టి ఆ రెండిటికి ఎంత చవగ్గా తిప్పినా సగం ఖాళీగా పోతుంది.

మాకు కావాల్సింది విజయవాడ. కర్నూలు గుంటూరు–గుంతకల్లు రైల్వే లైను మీద లేదు. నంద్యాలకో డోన్‌కో పోయి ఎక్కాల. రోడ్డు మీదైతే నల్లమల దాటి ఒక పూటంతా. సచివాలయంలో పని, హైకోర్టులో కేసు, యూనివర్సిటీ పని, అన్నిటికీ అక్కడికే పోవాల. 2025 జూలై 2న విజయవాడ సర్వీసు మొదలైంది, కానీ వారానికి మూడు రోజులు. ఏ రోజు కేసు పడుతుందో కోర్టు చెబుతుంది గానీ విమానం చూసి పెట్టదు గదా. పోయిన రోజు తిరిగి రావడానికి కుదరకపోతే హోటల్ ఖర్చు కూడా కలుపుకోవాల. మళ్లీ మాకు బస్సే దిక్కవుతుంది. జనం ఎక్కలేదని అప్పుడు సర్వీసు తీసేస్తారు. జనం ఎక్కకపోవడానికి కారణం ఆ షెడ్యూలే అని ఎవరికి చెప్పాల?

---

రెక్కచాటు · ఆదివారం సాయంత్రం 5:20

బురుజు గారు చెప్పిన ఈ చివరి వాక్యం ఎయిర్‌లైన్ ఆఫీసుల్లో ఎవరూ గట్టిగా ఒప్పుకోరు గానీ అది పూర్తిగా నిజం. వారానికి మూడు రోజుల సర్వీసులో సీట్లు నిండకపోతే "ఆ ఊర్లో డిమాండ్ లేదు" అని రాసేస్తారు. రోజూ ఉంటే నిండేదా అన్నది పరీక్షించిన వాళ్లుండరు. పొద్దున పోయి రాత్రికి తిరిగొచ్చే వీలుంటేనే వ్యాపారులు, లాయర్లు, డాక్టర్లు ఎక్కుతారు. ముందుగా కొనే మామూలు కుటుంబాలకు చవక సీట్లు ఇవ్వగలిగేది వాళ్ల టికెట్ డబ్బుతోనే. ఆ వర్గం రాకపోతే మొత్తం లెక్క కూలిపోతుంది.

పంతులు గారూ, మీరిచ్చిన కాగ్ అంకెలు సరైనవే. నాకు మాత్రం అవి పథకం రూపకల్పనలోని లోపాన్ని చూపిస్తున్నాయి. గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అన్న పరిమితి విమానంలో సగం సీట్లకే, అదీ కనీసం 9, గరిష్ఠం 40. మిగతా సీట్లు ఎంతకైనా అమ్ముకోవచ్చు. సబ్సిడీ మూడేళ్లు. ఆ మూడేళ్లూ ఆ రూట్లో ఇంకెవరికీ ప్రవేశం లేదు. అంటే పోటీ లేకుండా మూడేళ్లు, ఆ తర్వాత సబ్సిడీ లేకుండా. నాలుగో ఏడాది ఏం జరగాలో అదే జరిగింది. 2025 బడ్జెట్లో పథకాన్ని మార్చి పదేళ్లలో 120 కొత్త చోట్లకు విస్తరిస్తామన్నారు. కొత్త చోట్లు సరే, పాతవి ఎందుకు ఆగిపోయాయో ముందు సరిచేయాలి.

---

ఓరుగల్లు బిడ్డ (హన్మకొండ) · ఆదివారం రాత్రి 8:10

మా వరంగల్ మామునూరు ఎయిర్‌పోర్టు గురించి కూడా రాయాల్నని వచ్చిన. నిజాం కాలంల, 1930లల్ల కట్టిన ఎయిర్‌పోర్టు. 1981 దాకా నడిచిందని మా పెద్దోళ్లు చెప్తరు. శంషాబాద్‌కు 150 కిలోమీటర్ల లోపల ఇంకో ఎయిర్‌పోర్టు రావద్దన్న ఒప్పందం అడ్డం ఉండె. 2025 ఫిబ్రవరిల దానికి మినహాయింపు వచ్చింది, కేంద్రం ఒప్పుకున్నది. భూమి కోసం రాష్ట్రం 205 కోట్లు ఇచ్చింది. 253 ఎకరాలు తీసుకోవాలె. గాడేపల్లి, గుంటూరుపల్లి దిక్కు రైతులు భూములిస్తున్నరు.

ఈ చర్చ చదువుతుంటె నాకు భయమైతున్నది. భూమి ఇచ్చినోళ్లకు రేపు ఏం చెప్పాలె? రిబ్బన్ కట్ చేసి మూడేండ్లకు గేటుకు తాళం పెడితె? మాకు హైదరాబాద్‌కు విమానం అవసరమే లేదు, రైల్ల పోతం. మాకు ఢిల్లీ కావాలె, ముంబై కావాలె, తిరుపతి కావాలె. భివండి, సూరత్ మగ్గాల మీద పనిచేసే పద్మశాలి కుటుంబాలు మా జిల్లల ఎన్నో ఉన్నయి. ముంబైకి సరైన రేటుకు విమానం ఉంటె వాళ్లు కూడ ఎక్కుతరు. పెద్ద విమానం దిగేటట్టు రన్‌వే మొదలే పొడుగు కట్టాలె. ఏటీఆర్ ఒక్కటే దిగేటట్టు కడితె మళ్ల మా గతి మీ గతే.

---

గోదారిగట్టు · ఆదివారం రాత్రి 8:32

ఓరుగల్లు తమ్ముడూ, నువ్వు చెప్పిన రన్‌వే మాట నూటికి నూరు పాళ్లు కరెక్టు. మా దగ్గర పొడుగు పెంచారు కాబట్టే ఢిల్లీ విమానం వచ్చింది.

---

విశాఖ తీరం · ఆదివారం రాత్రి 9:05

కేంద్రం ఒక్క ఉత్తర్వుతో రేట్లకు పరిమితి పెట్టొచ్చు కదా? 2025 డిసెంబరులో విమానాలు వందల్లో రద్దయి రేట్లు ఆకాశానికి పోయినప్పుడు పెట్టారుగా. కరోనా టైములో కూడా 2022 ఆగస్టు ఆఖరి దాకా పరిమితులు ఉన్నాయి. మనసుంటే చేయగలరు.

---

రెక్కచాటు · ఆదివారం రాత్రి 9:40

విశాఖ తీరం గారూ, డిసెంబరు 6న పెట్టిన పరిమితులు గుర్తుచేస్తాను. 500 కిలోమీటర్ల వరకు 7,500 రూపాయలు, వెయ్యి వరకు 12,000, పదిహేను వందల వరకు 15,000, ఆ పైన 18,000. పన్నులు, ఎయిర్‌పోర్టు ఫీజులు అదనం. కడప–విజయవాడ, కర్నూలు–విజయవాడ మొదటి వర్గంలోనే వస్తాయి. సుమారు గంట ప్రయాణానికి 7,500 అంటే మనకు ఒరిగేదేమీ లేదు. అది సంక్షోభంలో దోపిడీ ఆపడానికి పెట్టిన గీత. రోజువారీ రేటును దించేది కాదు.

గట్టి పరిమితి పెడితే ఇంకో ప్రమాదం ఉంది. 1994 నుంచి రేటు నిర్ణయం కంపెనీలదే. రూట్ ఎంచుకోవడమూ దాదాపు వాళ్ల ఇష్టమే. పెద్ద రూట్లలో తిప్పేదానిలో ఇంత శాతం చిన్న రూట్లలో తిప్పాలన్న నియమం ఉంది గానీ ఈశాన్యం, కశ్మీర్, అండమాన్, లక్షద్వీప్‌లకు ప్రత్యేక వర్గం ఉన్నట్టు మన ఊళ్లకు లేదు. "మిగతావన్నీ" అనే వర్గంలో పడతాం. ఆ కోటా కంపెనీ తనకు లాభమున్న ఏ ఊరితోనైనా నింపుకోవచ్చు. కడపలో రేటు బిగిస్తే ఆ ఏటీఆర్‌ను రేపే ఇంకో రాష్ట్రానికి మళ్లిస్తారు, అడ్డు చెప్పే నిబంధన లేదు.

సీట్లు నిండితే రేటు తగ్గుతుందన్న నమ్మకమూ వద్దు. బీహార్‌లో దర్భంగా చూడండి. 2020 నవంబరులో ఉడాన్ కింద తెరిచారు, విమానాలు కిటకిటలాడాయి. అయినా రేట్లు విపరీతమని అక్కడి వలస కూలీల కుటుంబాలు ఏళ్లుగా మొత్తుకున్నాయి. అది వైమానిక దళం మైదానం, ఇష్టమొచ్చినన్ని విమానాలు దించే వీలు లేదు. గిరాకీ ఉండి సీట్లు పరిమితమైతే రేటు పైకే పోతుంది.

---

బెంటన్‌విల్ తెలుగు (ఆర్కాన్సా, అమెరికా) · సోమవారం తెల్లవారుజామున 3:15

దూరం నుంచి రాస్తున్నాను, మాది ప్రొద్దుటూరు. మేముండే చోట తెలుగు కుటుంబాలు చాలా ఎక్కువ. వాల్‌మార్ట్ కేంద్ర కార్యాలయం ఇక్కడే కాబట్టి ఉద్యోగాలన్నీ దాని చుట్టూనే. మా ఎయిర్‌పోర్టు 1998లో తెరిచారు. రేట్లు ఎక్కువని మొదట్నించీ పేరు. కంపెనీ పని మీద వచ్చేవాళ్లు ఎంతైనా కడతారు కాబట్టి ఎయిర్‌లైన్లకు తగ్గించాల్సిన అవసరం ఉండేది కాదు. సొంత డబ్బుతో పోయే కుటుంబాలు రెండు గంటలు కారు నడుపుకుని తుల్సా పోయి ఎక్కేవి. ఇప్పటికీ పోతుంటాయి. అల్లీజియంట్, బ్రీజ్ లాంటి చవక కంపెనీలు వచ్చాకే అవి తిప్పే ఊళ్లకైనా కొంత నయమైంది. రెక్కచాటు గారు చెప్పిన పోటీ మాట ఇక్కడా అక్షరాలా నిజం.

అయితే మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. 1978లో ఇక్కడ రేట్ల మీద ప్రభుత్వ నియంత్రణ తీసేసినప్పుడు చిన్న ఊళ్లకు విమానాలు ఆగిపోతాయని ముందే ఊహించి ఎసెన్షియల్ ఎయిర్ సర్వీస్ అని ఒక పథకం పెట్టారు. మా ఊరు అందులో లేదు, ఇంకా చిన్న ఊళ్లకు అది. ప్రభుత్వం టెండర్ పిలుస్తుంది. ఏ పెద్ద ఎయిర్‌పోర్టుకు, వారానికి ఎన్ని ట్రిప్పులు, ఎంత పెద్ద విమానం అన్నది ఒప్పందంలోనే ఉంటుంది. చాలా ఊళ్లకు వారానికి పన్నెండు రానుపోను ట్రిప్పుల ప్రాతిపదిక. ఏ కంపెనీకి ఇవ్వాలో ఆ ఊరి అభిప్రాయం అడుగుతారు, ఊరివాళ్లు రాతపూర్వకంగా చెబుతారు. గడువు అయిపోతే మళ్లీ టెండర్. ఉన్న కంపెనీ మధ్యలో మానేస్తానంటే ముందు నోటీసు ఇవ్వాలి, ఇంకో కంపెనీ వచ్చేదాకా దాన్నే నడపమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఉంది.

ఖర్చు ఎక్కువని ఇక్కడా విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. కానీ అర్ధశతాబ్దం కావస్తున్నా పథకం నిలబడింది. ఉడాన్‌లో నాకు కనబడని విషయం ఆ ఊరి మాట. మా నాన్నగారు ప్రొద్దుటూరులో ఒంటరిగా ఉంటారు. ఆయనకు ఏమైనా అయితే హైదరాబాద్‌లో దిగి ఎన్ని గంటల్లో చేరగలను అన్నది నాకు రోజూ ఉండే భయం. అందుకే ఇంత రాశాను.

---

తులసికోట (కడప) · సోమవారం ఉదయం 6:50

బెంటన్‌విల్ అన్నా, మీ ఆఖరి మాట చదివి కళ్లనీళ్లొచ్చాయి. మా అమ్మకు హైదరాబాద్‌లో క్యాన్సర్ చికిత్స జరుగుతోంది. రాత్రంతా రైల్లో కూర్చుని పోతే ఆమెకు మర్నాడు కీమో తట్టుకునే ఓపిక ఉండదు. అప్పు చేసైనా విమానంలో తీసుకుపోదామని టికెట్ తీసుకున్నాం. పొద్దున్నే మెసేజ్ వచ్చింది, సర్వీసు రద్దు అని. డబ్బులు వెనక్కి ఇచ్చారు. డాక్టరు తేదీ మాత్రం పోయింది, ఇంకో తేదీ కోసం వారం తిరిగాం. ఇలాంటప్పుడు పరిహారం ఏమీ ఉండదా?

---

రెక్కచాటు · సోమవారం ఉదయం 7:45

తులసి గారూ, అమ్మగారు త్వరగా కోలుకోవాలి. నిబంధన ఉందండీ. రెండు వారాల ముందు చెప్పకుండా, సరైన ప్రత్యామ్నాయం చూపకుండా రద్దు చేస్తే టికెట్ డబ్బుతో పాటు పరిహారం ఇవ్వాలి. గంటలోపు ప్రయాణమైతే 5,000 రూపాయలు, రెండు గంటల్లోపైతే 7,500, ఆ పైన 10,000. లేదా మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపిన మొత్తం. రెండింటిలో ఏది తక్కువైతే అది. వాతావరణం, ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) లాంటి కంపెనీ చేతిలో లేని కారణాలకు వర్తించదు. అందుకే రద్దు కారణం రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. తర్వాత పౌరవిమానయాన శాఖ ఎయిర్‌సేవా పోర్టల్లో ఫిర్యాదు పెట్టండి. టికెట్, మెసేజ్ స్క్రీన్‌షాట్ జాగ్రత్త.

కానీ ఈ నిబంధన పెద్ద ఊళ్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. "ప్రత్యామ్నాయ విమానం" అంటే ముంబైలో రెండు గంటల తర్వాతది. వారానికి మూడు రోజుల ఊర్లో ఎల్లుండిది, లేదా ఆ తర్వాతిది. రోగితో ఉన్న మనిషికి అదేం ప్రత్యామ్నాయం? కనీసం దగ్గరి పెద్ద ఎయిర్‌పోర్టుకు కారు పెట్టి అక్కడినుంచి పంపమనాలి. కడపకు రేణిగుంట (తిరుపతి ఎయిర్‌పోర్టు) ఉంది, ఓర్వకల్లుకు శంషాబాద్ ఉంది. ఇది అడిగి తీరాల్సిన విషయం.

---

లెక్కలపంతులు · సోమవారం ఉదయం 9:30

తులసికోట అమ్మా, మీ పోస్టు చదివాక నేను రైలు మాట వదిలేయను గానీ ఒకటి ఒప్పుకుంటాను: రైలు చేయలేని పని కొందరికి విమానం చేస్తుంది. అయినా నా షరతు ఇది. ప్రజల డబ్బు ఇచ్చే చోట లెక్క బయటపెట్టాలి. ఏ కంపెనీకి ఏ రూట్‌కు ఎంత ఇచ్చారు, ఎన్ని ట్రిప్పులు ఒప్పుకున్నారు, ఎన్ని నడిపారు, ఎన్ని రద్దు చేశారు, ప్రతి నెలా ఎయిర్‌పోర్టు గోడ మీద అంటించాలి. నడపని ట్రిప్పుకు కోత పడాలి. అలా అయితే నేనూ సంతకం పెడతాను.

---

కొండారెడ్డి బురుజు · సోమవారం ఉదయం 9:48

రాష్ట్రం ఇచ్చే డబ్బు కూడా ప్రభుత్వం మారితే ఆగిపోకూడదు. విజయవాడ–సింగపూర్ గతి చూసినాం గదా. 2018 డిసెంబరులో రాష్ట్రం హామీతో మొదలైంది, 2019 జూన్‌తో ఆగింది, మళ్లీ 2025 నవంబరులో మొదలైంది. మధ్యలో ఆరేళ్లు పోయినాయి.

---

విశాఖ తీరం · సోమవారం ఉదయం 9:55

దానికి కారణం ఎవరో అందరికీ తెలుసు. ఆ పార్టీవాళ్లు

[మిగతా భాగం నిర్వాహకుడు తొలగించారు]

---

నిర్వాహకుడు · సోమవారం ఉదయం 10:20

పార్టీల వాదన ఈ విభాగంలో వద్దు. తేదీలు, వాస్తవాలు రాయండి. ఇక్కడ పనికొచ్చే చర్చ జరుగుతోంది, దాన్ని పాడుచేయొద్దని మనవి.

---

పెన్నాగట్టు · సోమవారం సాయంత్రం 6:15

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ (ఏఏఐ) నడిపే ఎయిర్‌పోర్టుల్లో స్థానిక ఎంపీ అధ్యక్షతన సలహా కమిటీ ఉంటుంది. దానికి ఇద్దామని అర్జీ చిత్తు ప్రతి రాశాను. మార్పులుంటే చెప్పండి.

"కొత్త రూట్లు అడగడం లేదు. ఉన్న రూట్లలో హైదరాబాద్, విజయవాడ రెండింటికీ రోజూ సర్వీసు కావాలి, వారానికి మూడు రోజులు కాదు. పొద్దున వెళ్లి అదే రోజు తిరిగొచ్చేలా టైములుండాలి. కేంద్రం గానీ రాష్ట్రం గానీ డబ్బిస్తే నడిపిన ట్రిప్పులకే ఇవ్వాలి, ఆ లెక్క ప్రతి నెలా ఎయిర్‌పోర్టులో ప్రదర్శించాలి. ఒప్పందం కనీసం ఐదేళ్లు ఉండాలి, కంపెనీని ఎంచేముందు జిల్లా ప్రజల అభిప్రాయం తీసుకోవాలి. సర్వీసు రద్దయితే ప్రయాణికుల్ని కంపెనీ ఖర్చుతో రేణిగుంటకు చేర్చి అక్కడినుంచి పంపాలి. గల్ఫ్ ప్రయాణికులకు కడప వరకు ఒకే టికెట్, ఒకే లగేజీ లెక్క ఉండాలి."

ఒక దగ్గర తేల్చుకోలేకపోతున్నా. హైదరాబాద్ విమానం కడప నుంచి పొద్దున బయల్దేరాలా, సాయంత్రమా?

---

తులసికోట · సోమవారం సాయంత్రం 6:40

పొద్దునే కావాలి. ఆసుపత్రి ఓపీ మధ్యాహ్నం తర్వాత దొరకదు. ఇంకొక వాక్యం చేర్చండి అన్నా: ఏటీఆర్‌కు మెట్లు ఎక్కాలి. నడవలేని రోగులకు ఎక్కించే లిఫ్ట్ బండి ప్రతి చిన్న ఎయిర్‌పోర్టులో పనిచేసే స్థితిలో ఉండాలి.

---

కువైట్ నుంచి రాజంపేటోడు · సోమవారం రాత్రి 7:25

అక్కా, మీరు చెప్పింది న్యాయమే. మా విమానాలు ఎక్కువ తెల్లారుజామున హైదరాబాద్‌లో దిగుతాయి. ఆడినుంచి పొద్దున ఎనిమిది తొమ్మిదికి కడపకు ఒకటుంటే మాకు చాలు. కడప నుంచి పొద్దున్నే పోయిన విమానమే తిరిగి రావొచ్చు గదా?

---

రెక్కచాటు · సోమవారం రాత్రి 8:05

అలా రావాలంటే విమానం రాత్రి కడపలోనే ఆగాలి. అంటే సిబ్బందికి బస, ఒక ఇంజినీరు, రాత్రి పార్కింగ్, తెల్లవారే టవర్ తెరవడం. కంపెనీలు ఇష్టపడవు, కానీ అసాధ్యం కాదు. అర్జీలో "టవర్, ఫైర్ పనిగంటలు ఉదయం 6 నుంచి రాత్రి 9 దాకా పెంచాలి" అని వేరే పేరాగా పెట్టండి. అది కమిటీ ఏఏఐని నేరుగా అడగగలిగేది. అదొక్కటి జరిగినా మిగతా వాటికి దారి తెరుచుకుంటుంది.

---

పెన్నాగట్టు · సోమవారం రాత్రి 8:30

పనిగంటలు, లిఫ్ట్ బండి రెండూ చేర్చాను. బుధవారం ఎంపీ గారి ఆఫీసులో ఇస్తున్నా. సంతకం పెట్టేవాళ్లు రేపు సాయంత్రంలోగా నాకు ప్రైవేటు మెసేజ్ చేయండి. కర్నూలు ప్రతి ఎవరిస్తారు?

---

కొండారెడ్డి బురుజు · సోమవారం రాత్రి 8:52

నేనిస్తా అన్నా. అయితే ఓర్వకల్లు ఏఏఐది కాదు, రాష్ట్ర ఎయిర్‌పోర్టుల అభివృద్ధి సంస్థది. మా అర్జీ విజయవాడలో ఇవ్వాల. కలెక్టరుకు ఒక కాపీ. "రేణిగుంట" తీసేసి "శంషాబాద్" అని, హైదరాబాద్ బదులు విజయవాడ ఒక్కటే అని మార్చి పంపు, పొద్దునకల్లా సంతకాలు మొదలుపెడతా.